మార్తాండం గారి గాలి వంతు

నమోదు 1

వడపోత-తొమ్మిది పని చిట్టాలో గాలికి సంబంధించిన విషయాలు తప్ప మరేమీ రాయరాదని గాలి సంఘం వారి ఆదేశం. శిరసావహిస్తున్నాను. నేను రాయబోయేది అక్షరాలా గాలి విషయమే. ఎందుకో చదివితే తెలుస్తుంది.

రాస్తున్నది దుంపల తవిటేశు, ఎం.ఏ. తెలుగు, దూరవిద్య. నడిమి నుంచి అంచుకి ఒక్క లిఫ్టు దూరం. అయినా నాది దూరవిద్యే. తరగతి గదిలో కూర్చోవడానికి మావాళ్ళకి ఎముకలు చాలవని విశ్వవిద్యాలయం వారి బాధ. అంతరిక్షంలో చక్రంలా తిరిగే ఈ ఊళ్ళో అంచు మీద ఉన్నవాళ్ళకి బరువుంటుంది, కుర్చీలుంటాయి. ఇరుసులో, అంటే నడిమిలో, పుట్టిన మాకు బరువు లేదు కాబట్టి మర్యాద కూడా అక్కర్లేదని ఒక అభిప్రాయం.

ఇవాళ పొద్దున వంతులో ఉన్నాను. కాళ్ళు కడ్డీకి మెలేసి, జల్లెడకి పట్టిన పీచు గీకుతున్నాను. తొమ్మిదో వడపోత గాలి అంచులోని పుస్తకాల వీధికి పోతుంది, అక్కడి నుంచే తిరిగి వస్తుంది. అందువల్ల ఇక్కడ చిక్కే చెత్త అంతా సాహిత్యపరమైనదే. సంపాదకుల వెంట్రుకలు, కండువాల నూలుపోగులు, విమర్శకుల చుండ్రు. చుండ్రు పెరిగిందంటే ఏదో అవార్డు దగ్గరపడిందని గుర్తు.

గోడపెట్టెలో మేరువు ప్రచురణల వారి ఆవిష్కరణ సభ ప్రత్యక్ష ప్రసారం. మహారచయిత రత్నగిరి మార్తాండం గారి కొత్త నవల 'బరువైన ఊపిరి'. ఆయనే మొదటి వాక్యాలు చదివారు.

"నేను పుట్టినప్పుడు నన్ను పట్టుకోవడం అందరూ మరిచిపోయారు. గది చివరిదాకా తేలిపోయి, గోడకి తగిలి, అప్పుడు ఏడ్చాను."

సభలో చప్పట్లు. నా చేతిలోని గీకుడు బద్ద ఎటో పోయింది.

ఆ వాక్యాలు నావి. అంటే మా తాత సింహాచలం చెప్పినవి, నేను రాసినవి. పోయినేడు మేరువు వారికే పంపాను. "నడిమి జీవితం మీద పాఠకులకు ఆసక్తి లేదు, భాష మరీ తేలికగా ఉంది" అని వాళ్ళ సాహిత్య సలహాదారు తిప్పి పంపారు. మేరువుకి ఉన్న ఏకైక సాహిత్య సలహాదారు మార్తాండం గారు.

అంతటితో ఆగలేదు. యంత్రాలు రాసిన నవలలు బియ్యం సంచితోపాటు ఉచితంగా వస్తున్న ఈ రోజుల్లో, డబ్బిచ్చి కొనే పుస్తకానికి బతుకు ముద్ర ఉండాలి కదా. రచయిత సభలో నిలబడి, పుస్తకం మీద చెయ్యి వేసి, "ఇందులోని నేను, నేనే" అని ఒట్టు పెడితే గాని ముద్ర పడదు. మార్తాండం గారు పెట్టారు. చివరి అక్షరం దగ్గర గొంతు కూడా వణికించారు.

దిగ్భ్రాంతి కలిగినప్పుడు అంచువాళ్ళు కూలబడతారట. మాకా సదుపాయం లేదు. కడ్డీ వదిలేసి వెనక్కి తేలిపోయి, గొట్టానికి తల కొట్టుకున్నాను. ఆయన నవల ప్రకారం ఇప్పుడు నేను ఏడవాలి.

గాలి నాణ్యత: బాగుంది.

నమోదు 2

నవల మొత్తం చదివాను. దొంగతనం కంటే దిద్దుబాట్లు చూసి ఎక్కువ నివ్వెరపోయాను. దొంగ ఇంట్లో సామాను పట్టుకుపోతూ, మీ సామాను బాగాలేదని రంగు వేసినట్టుంది.

మా తాత తినే ఎండు నెత్తళ్ళు పాయసం అయిపోయాయి. "మా ఆడది" అన్నచోటల్లా "నా ధర్మపత్ని" అని ఉంది. నడిమి జనమంతా అమాయకంగా నవ్వుతూ, ప్రతి ఆరు పేజీలకీ పాట పాడుతున్నారు. నాకు తెలిసి నడిమిలో పాడేది ఒక్క మోటారు గది జోగులు మాత్రమే. ఆయన్ని కూడా ఆపమనే అడుగుతాం.

మామ్మకి చదివి వినిపించాను. మామ్మ పేరు అప్పలనరసమ్మ. నవల్లోని ధర్మపత్ని ఆవిడే. చీర కుచ్చిళ్ళు చీలమండలకి కట్టుకుని, వెలిగించని చుట్ట నోట్లో పెట్టుకుని శ్రద్ధగా వింది. ఇక్కడ నిప్పు నిషేధం కాబట్టి ఆ చుట్ట చాలా ఏళ్ళుగా అదే చుట్ట.

"'ఆమె కన్నీళ్ళు జలజలా రాలి నా పాదాలను తడిపాయి,'" అని చదివాను.

"రాలడమేటిరా? కన్నీళ్ళు కంటికంటుకుని బుడ్డలాగుంటాయి గాని!"

"అంచులో రాల్తాయట మామ్మా."

"ఓలమ్మ! మరి ఆళ్ళు తుడుసుకోరేటి?"

"పైగా నువ్వాయన పాదాల దగ్గర కూర్చున్నావట."

"నానా? ఆడి కాళ్ళకాడా?" చుట్ట చేతిలోకి తీసుకుంది. "రాసినోడిని ఓపాలి నాకు సూపించు."

ఇవతల వంతు వేళయింది. దుఃఖం ఎంత ఉన్నా గాలి ఆగకూడదు కదా అని గంభీరంగా అనుకుని బయల్దేరాను. మామ్మ నా మడమ పట్టుకుని ఆపేసింది.

"ఎక్కడికి?"

"వంతుకి."

"వంతు నీది కాదిప్పుడు."

ఇక్కడ గాలి సంఘం వారి సౌకర్యార్థం ఒక్క ముక్క. నడిమిలో, పోయినవాళ్ళ కథని "నేను" అంటూ చెప్పినవాడికి వాళ్ళ పని వంతు వస్తుంది. తాత పెద్దకర్మ నాడు ఆయన కథ "నేను, నేను" అంటూ చెప్పింది నేనే. అందుకే తొమ్మిదో వడపోత నాకొచ్చింది. ఆ చెప్పిందే తర్వాత నవలయింది.

"నేను చెప్పాను కదే!" అన్నాను.

"నువ్వు ఉత్తినే సెప్పినావు. ఆడు ఒట్టెట్టి సెప్పినాడు. లోకమంతా ఇన్నాది. ఒట్టుకే వంతు."

"వాడు దొంగ మామ్మా!"

"అయితే కాదని ఆడి నోటితోనే అనాల. అందాకా తొమ్మిదో వడపోత ఆడిదే. నువ్వు ముట్టుకున్నావంటే నువ్వే దొంగవి."

నేను మళ్ళీ గోడ దాకా తేలిపోయాను. ఎందుకంటే ఆవిడ చెప్పింది నిజం. ఒకరి వంతు ఇంకొకరు చేస్తే గాలి ఎవరి చేతుల మీదుగా వస్తోందో తెలియకుండా పోతుందని తొలితరంవాళ్ళు పెట్టుకున్న కట్టుబాటు అది. గాలి సంఘం నిబంధనల్లోనూ మొట్టమొదటిది. ముట్టుకున్న ఇంటితో నడిమిలో ఎవరూ కలిసి పనిచెయ్యరు. అంచులో పుస్తకం ఎత్తుకుపోతే బిరుదిస్తారు. ఇక్కడ పని ఎత్తుకుపోతే వెలి.

కాబట్టి నవలా పోయింది, వంతూ పోయింది. ఈ చిట్టాలో నేనిప్పుడు సాక్షిని మాత్రమే. సాక్షి రాయవచ్చని నిబంధన ఉంది, చూసుకున్నాను.

నమోదు 3

అంచుకి వెళ్ళి వచ్చాను. ఒళ్ళంతా నొప్పులు. మావాళ్ళు అంచుకి వెళ్ళాలంటే నడుముకీ కాళ్ళకీ ఊత చట్రం బిగించుకోవాలి. లిఫ్టు కూడా వేరు. తలుపు మీద "సామాన్లు, నడిమి వారు" అని రాసి ఉంటుంది. సామాన్లు ముందు.

మేరువు ప్రచురణల అధినేత కుసుమహరనాథ్ గారు నన్ను చూసి లేచి నిలబడ్డారు. గౌరవంతో కాదు, నా చట్రం ఆయన కుర్చీకి గీతలు పెడుతుందేమోనని. ఒక్కో మాటా విడదీసి, గట్టిగా అరుస్తూ మాట్లాడారు.

"బాబూ! మీకు! ఏం! కావాలి?"

"నమస్కారమండీ. మీరు ప్రచురించిన 'బరువైన ఊపిరి' నా రచన. రాతప్రతి పోయినేడు మీకే పంపాను."

ఆయన ముఖం వికసించింది. "అరే, మీ తెలుగు చాలా బాగుందే!"

"ఎం.ఏ. తెలుగండి."

"అవునా! మీవాళ్ళకి కూడా ఇస్తున్నారా!"

నేను చట్రం మరలు సర్దుకున్నాను. అప్పుడే మార్తాండం గారు లోపలికి వచ్చారు. తెల్లటి లాల్చీ, భుజం మీద శాలువా. అంచులో శాలువా జారి కిందపడుతుంది, ఆయన దాన్ని మళ్ళీ మళ్ళీ పైకి వేసుకుంటారు. దూరం నుంచి చూస్తే ఏదో గొప్ప పనిలో ఉన్నట్టే ఉంటుంది.

"ఎవరండీ ఈ అబ్బాయి?"

"మీ నవల తనదంటున్నాడు," అన్నారు కుసుమహరనాథ్ గారు, పిల్లలు మాట్లాడిన మాట చెప్పినట్టు.

మార్తాండం గారు కోప్పడలేదు. జాలిపడ్డారు. కోప్పడి ఉంటే బాగుండేది. "నాయనా, నీ పేరు కూడా నాకు తెలియదు. నీ రాతప్రతి నేను చూడనే లేదు. నడిమి నుంచి మాకేవో పాటలు వస్తుంటాయి, అంతే. నవలంటే నిర్మాణం కావాలి. కాళ్ళ కింద నేల ఉన్నవాడికి గాని నిర్మాణం అబ్బదు."

"అందులో మనుషులెవరికీ కాళ్ళ కింద నేల లేదండి."

"అది నా ఊహాశక్తి."

"ఊహా? మరి 'ఇందులోని నేను, నేనే' అని ఒట్టు పెట్టారు కదండీ?"

శాలువా జారింది. ఎవరూ ఎత్తలేదు.

"ఆత్మికంగా," అన్నారు మార్తాండం గారు.

"సాంకేతికంగా కూడా," అన్నారు కుసుమహరనాథ్ గారు కంగారుగా. ఆత్మికమైన ఒట్టుకి ముద్ర పడదని ఆయనకి తెలుసు. "ఆయన నెలల తరబడి ఆ పాత్రలో జీవించారు. అది మార్తాండం గారి సొంత బతుకే. అందులో సందేహం లేదు. ఒక బుడ... ఒక నడిమి కుర్రాడు వచ్చి నాదంటే ఎవరు నమ్ముతారు బాబూ? పోనీ, మలి ముద్రణలో 'సమాచార సహకారం' అని మీ ప్రాంతం పేరు వేస్తాం. మీ పేరు కాదు, ప్రాంతం పేరు. అందరికీ గౌరవంగా ఉంటుంది."

మావాళ్ళని తిట్టే 'బుడగ' అన్న మాట అనబోయి మధ్యలో ఆపినందుకు కృతజ్ఞత చూపించాలా అని ఆలోచించాను. చూపించలేదు.

"అయితే రేపు పొద్దున్న వంతుకి రావాలండీ," అని గాలి సంఘం వారి పిలుపు కాగితం మార్తాండం గారి ముందు పెట్టాను. "ఆ నేను మీరే అయితే, మా తాత వంతు మీదే."

ఇద్దరూ మనస్ఫూర్తిగా నవ్వారు. మార్తాండం గారైతే ఆ పిలుపు వెనక నాకు ఆటోగ్రాఫ్ ఇచ్చారు.

నమోదు 4

ఆయన రాలేదు. జల్లెడ మూసుకుపోయింది.

ఎవరికీ ప్రాణాపాయం లేదు. వడపోత ఆగితే గాలి సంఘం వేరే గొట్టం తెరుస్తుంది. తెరిచింది. కాకపోతే అది మా వంటిళ్ళ మీదుగా పోయే గొట్టం. ఇది నెత్తళ్ళు ఎండబెట్టే కాలం. మా చేపల తొట్లన్నీ ఖాళీ అయి, ప్రతి ఇంటి ముందూ వలల్లో నెత్తళ్ళు తేలుతున్నాయి.

పుస్తకాల వీధి మొత్తం నెత్తళ్ళ వాసన.

వార్తలు అందుతున్నాయి. కవి సమ్మేళనంలో అందరూ కండువాలు ముక్కుకి కట్టుకుని చదివారట. ఎవరి కవిత ఎవరిదో శ్రోతలకి తెలియలేదట. తెలిస్తే ఏం మారేదో ఎవరూ చెప్పలేకపోయారు. మేరువు వారు మూడు దుకాణాల్లో సాంబ్రాణి పొగ యంత్రాలు పెట్టారు. ఇప్పుడు సాంబ్రాణి, నెత్తళ్ళు కలిసి వస్తున్నాయి. విమర్శకులు ఒక ప్రకటన చేశారు: "నడిమి వాసన సాహిత్య వాతావరణాన్ని కలుషితం చేస్తోంది." ఇదే విమర్శకులు మొన్న 'బరువైన ఊపిరి' గురించి "నడిమి మట్టివాసన గుప్పుమంటోంది" అని రాశారు. నడిమిలో మట్టి లేదు. ఉన్నది ఈ వాసనే.

కుసుమహరనాథ్ గారు మార్తాండం గారికి బదులు ఒక శుభ్రం చేసే యంత్రాన్ని పంపారు. మామ్మ దాని ముందుకి వెళ్ళి, పైనుంచి కిందికి చూసి, "నువ్వేటి నా పెనివిటివి?" అని అడిగింది. వెనక్కి పంపేశారు.

సాయంత్రం నాకొక పిలుపు. అక్షరధుని ప్రచురణల తేజోవతి గారు. మేరువుకి ఆజన్మ శత్రువు. గోడ తెర మీద ఆవిడ ముఖం కనిపించగానే, ఎవరైనా న్యాయం చేస్తారంటే ఈవిడే చెయ్యాలని నాకనిపించింది.

"తవిటేశు గారూ, మీకు జరిగింది ఘోరం. మార్తాండాన్ని వీధిలోకి లాగుదాం. మీరు ఊ అనండి చాలు, వారంలో పుస్తకం తెస్తాను. పేరు కూడా పెట్టేశాను. 'బుడగ పగిలింది.'"

"అది తిట్టండీ."

"తెలుసు. అందుకే అమ్ముడవుతుంది. కవర్ మీద మీరు తలకిందులుగా తేలుతూ ఏడుస్తున్న ఫోటో. కొంచెం ఏడవగలరా?"

"నా నవల వేస్తారా?"

ఆవిడ నిజంగా ఆశ్చర్యపోయింది. "నవలెందుకండీ? అది అందరూ చదివేశారుగా, మార్తాండం పేరుతో. జనానికి కావలసింది మీ బాధ."

"అది మా తాత బతుకండి. దాని మీద నా పేరు ఉండాలి. నాకదే కావాలి."

"పేరుదేముంది బాబూ," అంది తేజోవతి గారు, తన సంస్థ పుస్తకాలన్నిటి మీదా రచయిత పేరుకన్నా తన పేరు పెద్దగా వేసుకునే మనిషి. "మీ పేరు పలకడం కూడా కొంచెం కష్టమే కదా."

నేను తెర ఆపేశాను. కాసేపు నా పేరు పైకి పలికి చూసుకున్నాను. ఏ కష్టమూ లేదు.

నమోదు 5

ఇవాళ్టి సంఘటనలు చిట్టాలో ఎలా నమోదు చెయ్యాలో తెలియడం లేదు. ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

మార్తాండం గారు వంతుకి వచ్చారు.

తానై రాలేదు. నెత్తళ్ళ వాసనకి మేరువు వారి దుకాణాల్లో జనం తగ్గి, తేజోవతి గారు పోయి గాలి సంఘానికి ఫిర్యాదు పెట్టారు. సొంత బతుకని ఒట్టు పెట్టిన మనిషి వంతుకి ఎందుకు రాడని అడిగారు. రాకపోతే ఒట్టు అబద్ధం, బతుకు ముద్ర రద్దు. కుసుమహరనాథ్ గారు ఆ ఇబ్బందిని కూడా అమ్మకానికి పెట్టేశారు. "మూలాలకు మహారచయిత" అని ప్రత్యక్ష ప్రసారం. కెమెరాతో సహా దిగబడ్డారు. ఊరంతా చూసింది.

మార్తాండం గారికి బరువు లేకపోవడం మొదటిసారి. లిఫ్టు తలుపు తెరుచుకోగానే శాలువా ఆయన తలకి చుట్టుకుంది. కాళ్ళు పైకీ తల పక్కకీ పోయాయి. రంగు పాలిపోయి నోరు గట్టిగా మూసుకున్నారు. జోగులు జాలిపడి ఒక సంచి అందించాడు. సంచి ఉపయోగపడింది.

వడపోత దగ్గర మామ్మ ఎదురుచూస్తోంది. కొత్త చీర కట్టింది. చుట్ట తీసేసి పక్కన గోడకి అంటించింది. నేను ఆవిడ వెనక ఉన్నాను.

"వొచ్చినావా?" అంది.

మార్తాండం గారు కెమెరా వైపు తిరిగి చిరునవ్వు తెచ్చుకోబోయారు. మామ్మ ఆయన గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"ఇటు సూడు. లోకానికి సెప్పినావు కదా, నువ్వే సింహాచలానివని. నాకు సెప్పవేటి?"

"అమ్మా, అది సాహిత్యంలో..."

"అమ్మేటి? పెళ్ళాన్నట్టుకుని అమ్మంతావేటి?"

కెమెరా వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. కుసుమహరనాథ్ గారు మాత్రం కన్నార్పకుండా చేతులు ఊపారు, కానివ్వండి కానివ్వండి అన్నట్టు. చూసేవాళ్ళ సంఖ్య పెరుగుతోందని తర్వాత తెలిసింది.

"సరే గాని," అంది మామ్మ గొంతు తగ్గించి, "నా ముక్కుపుడక ఎక్కడెట్టినావు?"

నేను ఉలిక్కిపడ్డాను. నవల్లో ఒకచోట తాత అంటాడు: "ఆమె ముక్కుపుడక ఒకసారి దాచాను. ఎక్కడో నాకొక్కడికే తెలుసు." తాత ఆ మాట నాతో నవ్వుతూ అన్నాడు. ఎక్కడో చెప్పకుండానే పోయాడు. నేనూ అడగలేదు, నవలకి అలాగే అందంగా ఉందనుకున్నాను. మామ్మకి అది అందం కాదు. ఇన్నాళ్ళూ వెతుకుతోంది. ఆయన పోయిన రోజున కూడా ఆయన సంచులన్నీ వెతికింది. ఇప్పుడు ఈ మనిషి ముఖంలోకి చూస్తున్నప్పుడు, ఒక్క క్షణం, ఈయనకి నిజంగానే తెలుసేమోనని ఆవిడ కళ్ళు ఆశపడ్డాయి. కంటి చుట్టూ నీటి బుడ్డ కట్టింది. రాలలేదు.

"నాకెలా తెలుస్తుందమ్మా?"

"నీకొక్కడికే తెల్సని రాసినావు కదా?"

"అది... ఆ పేజీ..."

"పోనీ, నెమ్మదిగా గుర్తు సేసుకుందువు గాని. నాకేటి తొందర? ఇయ్యాల్టి నుంచి కూడు ఇక్కడే, పడక ఇక్కడే. నీ వలసంచి దులిపి కట్టించినాను." గోడకి కట్టిన సంచి చూపించింది. తాత పడుకునేది. "రోజూ పొద్దున్న వంతు. మాపటికి నాను సెప్పినయ్యన్నీ ఇనాల. ఇరవయ్యేళ్ళుగా ఆడితో అనాలనుకున్నయ్యి శానా ఉన్నాయి. ముందు ఈ వడపోత గీకు."

బద్ద ఆయన చేతిలో పెట్టింది. ఆయన రెండుసార్లు గీకారు. పీచు మొత్తం లేచి ముఖానికి పట్టింది. అది తన వీధి వెంట్రుకలూ, తన మిత్రుల చుండ్రూ. తుమ్మారు. తుమ్మితే ఇక్కడ వెనక్కి పోతాం. ఆయన గింగిరాలు తిరుగుతూ తాత సంచిలోకే వెళ్ళి దూరారు. మామ్మ సంచి మూతి ముడి వేసింది, రోజూ రాత్రి తాతకి వేసినట్టే, తేలిపోకుండా.

అప్పుడు అరిచారు.

"నేను కాదు! విప్పండి! ఆ నేను నేను కాదు!"

"మరెవుడు?"

"నేను రాయలేదు! బుడగ... ఈ బుడగ వెధవ రాశాడు!"

"ఆడికో పేరుంది. సెప్పు."

"దుంపల తవిటేశు! సన్నాఫ్ దుంపల లచ్చుము, వంతు ఇల్లు పద్నాలుగు, ఇరుసు తూర్పు!"

రాతప్రతి మొదటి పేజీ కింద నేను రాసిన చిరునామా. ఒక్క అక్షరం పోలేదు. నా పేరే తెలియదన్న మనిషి. నేను నోరు తెరిచి అలాగే ఉండిపోయాను. ఎటు తేలిపోయానో కూడా గమనించలేదు. ప్రసారం చూస్తున్న అంచంతా నాలాగే నోరు తెరుచుకుందని చెప్పుకున్నారు. కుసుమహరనాథ్ గారు కెమెరా కప్పడానికి ఎగిరి, ఎగరడం ఎలా ఆపాలో తెలియక, నేరుగా నెత్తళ్ళ వలలోకి వెళ్ళిపోయారు.

మామ్మ ముడి విప్పింది. "తెలీదని ముందే అనొచ్చు కదా, బావూ," అంది. ముక్కుపుడక గురించి.

వంతు నాకు తిరిగి వచ్చింది. జల్లెడ కడిగాను. గాలి నాణ్యత: బాగుంది.

నమోదు 6

గాలి సంఘం, ముద్రల సంఘం కలిసి తీర్పు చెప్పాయి. 'బరువైన ఊపిరి' మీద మార్తాండం గారి పేరు తీసి నా పేరు వెయ్యాలి. కవరు మీద చూశాను. దుంపల తవిటేశు. పలకడానికి వీలుగా పెద్ద అక్షరాల్లో. మామ్మ దాన్ని వేలితో తడిమి చూసింది.

రెండో రోజు నుంచి పుస్తకాలు వెనక్కి రావడం మొదలైంది.

నాకు మొదట అర్థం కాలేదు. పుస్తకం అదే. ఒక్క వాక్యం మారలేదు. ఆయన దిద్దుబాట్లు తీసి నా మాటలు పెట్టే వ్యవధి కూడా ఇవ్వలేదు, పాయసం ఇంకా పాయసమే. అయినా "బరువైన భాష" అన్న విమర్శకుడు ఇప్పుడు "భాషలో పునాది లేదు" అని రాశాడు. "మానవ వేదనకు అద్దం" అన్నావిడ "ఒక వర్గం గొడవ" అంది. ఒక పాఠకుడు పుస్తకంతోపాటు చీటీ పంపాడు: "మార్తాండం గారు రాశారనుకుని ఏడ్చాను. నా కన్నీళ్ళు వృథా." వృథా అయిన కన్నీళ్ళకి నేనెలా పరిహారం ఇవ్వాలో తెలియక ఆ చీటీ మళ్ళీ మళ్ళీ చదివాను. హాస్యం కోసం రాసి ఉంటాడని చాలాసేపు ఆశపడ్డాను.

అటు తేజోవతి గారు మార్తాండం గారి కొత్త పుస్తకానికి ఒప్పందం చేసుకున్నారట. పేరు 'నేను దొంగిలించాను'. ఈసారి బతుకు ముద్ర నిజాయితీగానే పడుతుంది.

నడిమిలో మాత్రం పుస్తకం చేతులు మారుతోంది. ఎవరూ పొగడడం లేదు. జోగులు వచ్చి, మూడో అధ్యాయంలో మోటారు గది తలుపు ఎడమవైపుందని రాశావు, కుడివైపు కదా అని పోట్లాడి వెళ్ళాడు. ఆయన వెళ్ళాక నాకు చాలా బాగా అనిపించింది.

నమోదు 7

ఇవాళ కుసుమహరనాథ్ గారు పిలిచారు. తెర మీద ఆయన వెనక సోఫాలో మార్తాండం గారు కూడా ఉన్నారు. మేరువు వారిని వదిలి వెళ్ళొద్దని బతిమాలడానికి పిలిపించినట్టున్నారు. శాలువా లేదు.

కుసుమహరనాథ్ గారు ఈసారి అరవలేదు. చాలా మృదువుగా మాట్లాడారు.

"తవిటేశు గారూ, వ్యాపారం మాట్లాడుకుందాం. గోదాము నిండా మీ పేరున్న పుస్తకాలే. ఒక్కటి కదలడం లేదు. ఇదే పుస్తకం మార్తాండం గారి పేరుతో మూడు ముద్రణలు పోయింది. జనం మరిచిపోతారు, వాళ్ళకదే పని. ఏడాది ఆగి ఆయన పేరుతోనే మళ్ళీ వేద్దాం. ఆయన మళ్ళీ ఒట్టు పెడతారు. డబ్బు మొత్తం మీకు. మొత్తం! ఆలోచించండి, మీ కథ ఇంటింటికీ చేరుతుంది. ఎవరి పేరుతో చేరితే ఏం?"

నేను నిర్ఘాంతపోవాలి. పోయాను. కానీ అబద్ధమెందుకు, దాంతోపాటు కాస్త ఆలోచించాను కూడా. ఇంటింటికీ, అన్నారు. తాత గోడకి తగిలి ఏడ్చిన సంగతి ఇంటింటికీ. నా పేరుతో అయితే ఆ పుస్తకం గోదాములో, నాలాగే, ఎవరికీ బరువు కాకుండా.

మామ్మ నన్ను పక్కకి నెట్టి తెర ముందుకి వచ్చింది.

"అలగే కానీ బావూ," అంది.

"మామ్మా!"

"నువ్వూరుకో. ఆడి పేరే ఎట్టుకోండి. మంచి పేరు. ఒట్టు కూడా ఎట్టమను, గట్టిగా." వంగి కుసుమహరనాథ్ గారి భుజం మీదుగా సోఫా వైపు చూసింది. "ఒట్టెట్టీసినాక మాత్రం మా సింహాచలం ఇంటికొచ్చీయాల. వలసంచి ఇప్పనేదు నాను. దులిపి ఉంచినాను."

తెర అవతల సోఫా కిర్రుమంది. కుసుమహరనాథ్ గారు ఏదో అనబోయేలోపే వెనక నుంచి మార్తాండం గారి గొంతు వినిపించింది. ఈసారి వణుకు నటన కాదు.

"వద్దు సార్. మీ కాళ్ళు పట్టుకుంటాను. ఆ కుర్రాడి పేరే ఉంచండి. దుంపల తవిటేశు. ఎక్కడా తియ్యకండి. కావాలంటే ఇంకా పెద్దక్షరాలు వెయ్యండి."

అంచు మొత్తంలో నా పేరు ఆ కవరు మీద ఉండాలని అంత గట్టిగా కోరుకునే మనిషి ఆయనొక్కడే దొరికాడు. నా పేరు అక్కడే ఉంది.